ఎముకల నీళ్ళు మాంసమా?

ఆ ఇంటి కోడలికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. మనిషికి అబద్ధమాడడం రాదు. రాకపోతే పోనీ, చాలామంది మంచివాళ్ళకు ఉన్న లోపమే అది. కానీ ఇతగాడికి నోరు మూసుకుని కూర్చోవడం కూడా రాదు. ఈ రెండు చేతకానితనాలూ కలిసిన మనిషిని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టకూడదు. కూర్చోబెట్టారు కాబట్టే పోయిన ఆదివారం ఇల్లు అంటుకుంది.

ఆ పూట అతను బల్ల దగ్గర్నుంచే చెయ్యి చాచి, పక్కన నిలబడ్డ భార్య గిన్నెలోంచి ఒక చెంచా కూరగాయల సూప్ తీసుకున్నాడు. చప్పరించాడు. తల పక్కకు వాల్చి, పాపం ఎంతో అమాయకంగా తల్లితో అన్నాడు:

"ఏంటమ్మా, ఈసారి ఎముకల నీళ్ళు తక్కువేశావా? రుచి రాలేదు."

చలికాలం నుంచీ మాంసం ముట్టని కోడలు చేతిలో చెంచా అలాగే గాల్లో ఉండిపోయింది. ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారు ఉప్పు గిన్నె వైపు చూశారు. మాంసం కొట్టు యజమాని అయిన మామగారు ఎవరి వైపూ చూడకుండా భోంచేశారు.

"మీకు తెలుసా?" అని ఆ రాత్రి మొగుణ్ణి నిలదీస్తే, "నీకూ తెలుసనుకున్నానే!" అన్నాడు. అబద్ధం కాదు. అదే ఆమె ఖర్మ.

ఆనాటి నుంచి ఇంట్లో రెండు పొయ్యిలు. వంటింట్లో అత్తగారిది, వెనక బాల్కనీలో బట్టలారేసే తీగ కింద కోడలిది. కరెంటు పొయ్యి మీద ఒక గిన్నె, దానికో మూత, ఆ మూత మీద బరువుకు రోలు బండ. బండ అవసరం లేదు. కానీ అత్తగారు అటుగా వెళ్ళినప్పుడల్లా అది కనపడాలి కదా.

"ఎముకల నీళ్ళు మాంసమా?" అని అత్తగారు వారమంతా గోడలతో వాదించారు. "నీళ్ళే కదా! ముక్క ఒక్కటైనా వేశానా? విషం పెట్టినట్టు ఆ బండలేంటి, ఆ మూతలేంటి!"

"ఎముకల్లో ఉన్నదంతా నీళ్ళలోకి దిగాక అవి నీళ్ళెలా అవుతాయి అత్తయ్యా?" అని కోడలు బాల్కనీలోంచి జవాబు చెప్పింది. రసాయన శాస్త్రంలో తీసుకున్న డిగ్రీ పెళ్ళయ్యాక మొదటిసారి పనికొచ్చింది.

శనివారం సాయంత్రం మామగారు కొట్టు మూసి వచ్చి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, పేపరు విప్పుకున్నారు. కోడలు వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, రేపటి భోజనం నేను వండుతాను. మొత్తం."

పేపరు దిగలేదు. "మొత్తం అంటే?"

"మొత్తం అంటే మొత్తం. మాంసం ఉండదు."

ఇప్పుడు దిగింది. "నా ఇంట్లోనా?"

"మీ ఇంట్లోనే. పక్కింట్లో వండితే వాళ్ళు తినేస్తారు."

"మాంసం లేని ఆదివారం ఈ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు."

"జరగనివి చాలా జరిగాయి కదా మామయ్యా. ఇదొకటి."

మొగుడు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. అతనిది కళ్ళజోళ్ళ కొట్టు. ఊళ్ళో వాళ్ళందరికీ చూపు సరిచేస్తాడు గానీ ఇంట్లో తండ్రికీ భార్యకీ మధ్య ఎటు చూడాలో అతనికి ఎప్పుడూ తెలియదు.

కోడలు గొంతు పెంచలేదు. "అందరితోపాటు బల్ల దగ్గర కూర్చుంటాను. అందరూ తినేదే తింటాను. నా పళ్ళెంలో ఏముందో నాకు తెలియాలి. ఇది కుదరదంటే చెప్పండి, వచ్చే నెలకల్లా వేరే ఇల్లు చూసుకుంటాం."

"చూసుకుంటామా?" అన్నాడు మొగుడు.

"మీరిక్కడే ఉండి తింటానంటే ఉండండి. నేను చూసుకుంటాను."

మామగారు పేపరు మడిచారు. మడత మీద మడత, అది అరచేతిలో పట్టేంతవరకూ. "వండు," అన్నారు. "ఎవరు తింటారో చూద్దాం."

మర్నాడు మధ్యాహ్నానికి వంటిల్లు కోడలి చేతికొచ్చింది. అంటే పూర్తిగా రాలేదు. గుమ్మంలో స్టూలు వేసుకుని అత్తగారు కాపలా కూర్చున్నారు.

గట్టు మీద నిన్నటి నుంచి నానిన చిక్కుడు గింజలు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. వాటిని టమాటాలతో, బాగా వేగిన ఉల్లిపాయలతో సన్నని సెగ మీద పెట్టింది. గుమ్మడికాయను తొక్కతోనే చంద్రవంకల్లా కోసి వెల్లుల్లి, నూనె పట్టించింది. వంకాయల్ని నేరుగా మంట మీద పడేసింది. అవి నల్లబడి, తొక్క పగిలి, ఇల్లంతా పొగ వాసన వేసింది.

"మాడిపోతున్నాయి," అన్నారు అత్తగారు.

"మాడాలి."

"నేను మాడిస్తే మీ మామయ్య పళ్ళెం విసిరేవాడు."

"నాకు పళ్ళెం విసిరితే పట్టుకోవడం వచ్చు."

పుట్టగొడుగులు మిరియాలతో వేయించడానికి పక్కన పెట్టుకుంది. అవి పెనం మీద వెయ్యగానే నీళ్ళు వదులుతాయి, ఆ నీళ్ళు ఇగిరేదాకా కదపకుండా ఓపిక పట్టాలి. ఆ ఓపిక ఆమెకు ఈ ఇంట్లోనే అబ్బింది. ఆఖరున పెద్ద కాలీఫ్లవర్ ఒకటి తీసి, ఆకులు దూసి, పెరుగూ కారమూ అంతటా పట్టించసాగింది.

"ముక్కలు చెయ్యవా?"

"చెయ్యను. పువ్వు మొత్తం ఓవెన్‌లో పెడతాను."

"మొత్తమా? తలకాయ పెట్టినట్టు?"

"అలాగే. తలకాయ కనపడితే మామయ్యకు బెంగ ఉండదు."

అత్తగారికి నవ్వొచ్చింది. వారం రోజుల కోపం మధ్యలో నవ్వడం పరువు తక్కువ గనుక దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. కోడలు చూసింది. చూడనట్టు ఓవెన్ తలుపు వేసింది.

ఉడుకుతున్న గింజల్ని ఒకసారి కలిపి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"అత్తయ్యా, ఎందుకు వేశారు?"

"నీరసపడతావని."

"నీరసపడ్డానా?"

"పడలేదంటే దానివల్లే కదా!"

ఆ తర్కం కోడలు చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆమె గరిటె కింద పెట్టింది.

"నన్నడిగి వేసుంటే?"

"అడిగితే వద్దనేదానివి."

"అందుకే అడగాలి."

అత్తగారు ఏదో అనబోయారు. "అడుగుదామనే నేను..." అని ఆగి, హాల్లోకి ఒకసారి చూసి, ఆ మాట మింగేశారు. తర్వాత లేచి వచ్చి చిక్కుడు గింజల గిన్నె మూత తీసి, వాసన చూసి, "ఉప్పు చాల్లేదు," అన్నారు.

నిజంగానే చాల్లేదు. ఇంకో చిటికెడు వేసుకోవడం కోడలికి ఆ రోజు జరిగిన పెద్ద అవమానం.

పొద్దు వాలేసరికి ఆడపడుచు మొగుడితో దిగింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. అతను సిటీ బస్సు డ్రైవరు. అత్తవారింట్లో ఆదివారం భోజనానికి ఎన్ని ఎర్ర లైట్లున్నా ఆగకుండా వచ్చే మనిషి. బల్ల మీద చూపు ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి, మళ్ళీ వెనక్కి నడిపి, చివరకు భార్య చెవిలో అడిగాడు: "మిగతావి లోపలున్నాయా?"

"ఇంతే," అంది నర్సు. "కూర్చోండి."

మామగారు చివరన వచ్చారు. బల్లను పరీక్షగా చూశారు.

"ఇది భోజనాల బల్లా, కూరగాయల తోపుడుబండా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అనలేదు.

ఆ ఇంట్లో ఆదివారానికో పద్ధతి ఉంది. బల్ల మధ్యన ఏది పెడితే అది మామగారే కొయ్యాలి, మొదటి ముక్క ప్రతి పళ్ళెంలోనూ ఆయన చేతితోనే పడాలి. అది పడనిదే ఎవరూ ముద్ద ఎత్తరు. చలికాలం నుంచి ఆయన కత్తి కోడలి పళ్ళెం దగ్గరకు రావడం లేదు. తినని మనిషికి ఏం పెడతాం అనేవారు. అప్పటి నుంచి ఆమె అందరికీ వడ్డించి, వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటోంది. ఆ సూప్ కూడా ఆమె నిలబడే తాగింది. ఇవాళ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది.

మామగారు కత్తి తీసుకున్నారు. ఓవెన్‌లో ఎర్రగా కాలిన పువ్వును ఎగాదిగా చూశారు.

"దీన్నెక్కడ కొయ్యాలి? కీలే లేదు."

"మీ చేతికి ఎక్కడ తోస్తే అక్కడ."

ఆయన పువ్వును తిప్పారు. బొటనవేలితో నొక్కారు. బోర్లించి, కాడ మధ్య కత్తి ఆనించి ఒక్క వేటు వేశారు. పువ్వు ఎక్కడా చిట్లకుండా రెండైంది. రెండు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. ఒక్క రేకు రాలలేదు. ఆ అయిదు వేట్లసేపూ ఆయన కోపంగా ఉండడం మరిచిపోయారు. పనిమంతుడి మొహం వేరుగా ఉంటుంది.

భార్యకు పెట్టారు. కొడుక్కి, కూతురికి, అల్లుడికి పెట్టారు. తనకు పెట్టుకున్నారు. కత్తి కింద పెట్టారు.

కోడలి పళ్ళెం తెల్లగా ఉంది.

"నా పళ్ళెం, మామయ్యా."

"నీది నువ్వే పెట్టుకో. చలికాలం నుంచి నీ దారి నీదే కదా."

"నా దారి నాదైతే నా సూప్ కూడా నాదే అయ్యుండాలిగా."

"వదినా, అమ్మ నీ మంచికే కదా..." అని నర్సు సర్దబోయింది.

"మీ ఆసుపత్రిలో రోగికి చెప్పకుండా మందు కలుపుతారా?"

"కలపం."

"నేను రోగిని కూడా కాదు."

నర్సు గుమ్మడి ముక్క నోట్లో పెట్టుకుంది. అది సమాధానం కాదు గానీ బాగుంది.

మామగారు కుర్చీ వెనక్కి జరిపారు. "సరే, ఇవాళ తేల్చేద్దాం. ఎందుకు మానేశావో ఒక్క కారణం చెప్పు. జబ్బా? మొక్కా? నా కొట్టు వాసన పడలేదా?"

"తినాలనిపించలేదు మామయ్యా. ఒక రోజు పొద్దున లేచాను, అనిపించలేదు. మర్నాడూ అనిపించలేదు. అంతే."

"అదేం కారణం!"

"మీ కొట్టుకొచ్చి కిలో తీసుకునేవాడు అరకిలో చాలంటే కారణం అడుగుతారా?"

"వాళ్ళు బయటివాళ్ళు."

"అయితే బయటివాళ్ళకున్న మర్యాద నాకు లేదన్నమాట."

మొగుడు దగ్గాడు. ఆడపడుచు నీళ్ళు తాగింది. అత్తగారు వంకాయ ముద్దను పళ్ళెంలో ఈ అంచు నుంచి ఆ అంచుకు జరిపారు.

ఇంత ఉద్రిక్తతలోనూ నిశ్చింతగా తింటున్న మనిషి ఒక్క డ్రైవరే. అతనికి చిక్కుడు గింజలు తెగ నచ్చాయి. రెండోసారి వడ్డించుకుంటూ, ఎలాగైనా గొడవ చల్లార్చాలని కంకణం కట్టుకున్నవాడిలా అన్నాడు:

"చెల్లెమ్మా, అనకూడదు గానీ ఈ గింజలు బ్రహ్మాండం. వీటిలో ఎముకల నీళ్ళు లేవు కదా?"

"లేవన్నయ్యా."

"ఆహా! అయినా అందరూ అత్తయ్య ఒక్కరి మీద పడ్డారు గానీ, ఇదేమంత దాపరికం? మామయ్యగారు కొట్లో ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నారుగా. మా కోడలు మానేసిందని ఎవడన్నాడు, రోజూ నా కొట్టు ఎముకలే తాగుతోంది అని. అబ్బో, నేనే విన్నాను. ఆ పాల డిపో ఆయన కూడా..."

నర్సు మోచెయ్యి అతని డొక్కలో దిగింది. బస్సు ఆగింది. కానీ ఎక్కవలసిన వాళ్ళందరూ అప్పటికే ఎక్కేశారు.

కోడలు మామగారి వైపు చూసింది. వారమంతా ఆమె యుద్ధం చేసింది తప్పు గుమ్మం ముందు. బండ పెట్టింది, మాటలంది, మూతి ముడిచింది, అన్నీ అత్తగారి మీదే. ఆవిడ పడింది. ఒక్కసారీ ఇటు వేలు చూపించలేదు.

"మామయ్యా," అంది నెమ్మదిగా. "మీ కొట్లో మాంసం కొనేవాడి కళ్ళెదుటే కొడతారు. ముందే కొట్టిన ఖీమా అమ్మరు. ఏం కలిపారోనని ఎవడికీ అనుమానం రాకూడదంటారు. వీధంతా మిమ్మల్ని నమ్మేది అందుకే. నా గిన్నెలో కలిపేటప్పుడు నన్నెందుకు పిలవలేదు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పండి," అన్నారు అత్తగారు. ఆవిడ గొంతు అంత చల్లగా ఉండడం పిల్లలిద్దరూ ఎప్పుడూ వినలేదు. "నోరు విప్పుతారా, నన్ను విప్పమంటారా? వారం నుంచి తిట్లన్నీ నేనే తిన్నాను. అవి మాత్రం ఏమీ కలపకుండా శుభ్రంగా పెట్టింది మీ కోడలు."

"నువ్వూరుకో!"

"ఊరుకున్నాను కదా, వారం. ఇంక చాలు."

మామగారు దిగ్గున లేచారు. కుర్చీ వెనక్కి పడింది. వీధి గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టారు.

"నాన్నా," అన్నాడు కొడుకు. కూర్చునే అన్నాడు, కానీ చెంచా కింద పెట్టి అన్నాడు. "మీరిప్పుడు వెళ్ళిపోతే రేపు మేమూ వెళ్ళిపోతాం."

మేము. కోడలు ఆ మాటను విన్నది. మనిషికి అబద్ధమాడడం రాదన్న సంగతి పెళ్ళయ్యాక మొదటిసారి ఆమెకు ధైర్యాన్నిచ్చింది.

మామగారు గుమ్మంలో ఆగిపోయారు. వీధి దీపం వెలుగులో ఆయన వీపు ఒక్కటే కనబడుతోంది. దశాబ్దాలపాటు బరువులు మోసిన వీపు. పడిపోయిన కుర్చీని ఎవరూ ఎత్తలేదు.

"ఆ పాల డిపోవాడు," అన్నారు చివరకు, చీకటితో మాట్లాడుతున్నట్టు, "పదిమంది ముందు అడిగాడు. ఇంట్లోవాళ్ళే తినని సరుకు మాకెందుకు అమ్ముతున్నావయ్యా అని. ఏం చెప్పమంటారు నన్ను?"

"ఆ అమ్మాయికి తినాలనిపించలేదట అని చెప్పాల్సింది," అంది కోడలు.

"అలా చెబితే నవ్వుతారు."

"నవ్వితే నవ్వనివ్వండి. నన్ను బల్ల దగ్గర్నుంచి లేపేసి వాళ్ళను నవ్వకుండా కాపాడుకున్నారా?"

డ్రైవరు నమలడం కూడా ఆపేశాడు.

మామగారు చెప్పుల్లోంచి ఒక కాలు బయటకు తీశారు. తర్వాత రెండోది. ఇంకా వీధి వైపే నిలబడి, ఒక్కో మాటనూ ఎముక నుంచి విడదీస్తున్నంత కష్టంగా అన్నారు:

"ఎముకలు పంపింది నేను. ఆవిడ వద్దంది. అడిగి వేద్దామంది. అక్కర్లేదన్నాను." ఆగారు. "తప్పు నాది."

"వీధిక్కాదు చెప్పాల్సింది," అన్నారు అత్తగారు. "వీధికేం చేశారు మీరు? ఇటు తిరగండి."

ఆయన తిరిగారు. కోడలు కుర్చీలోంచి లేవలేదు. సాయపడే చూపు ఒక్కటి కూడా చూడలేదు. ఆయనకు దారి సుఖంగా చెయ్యాలని ఆమెకు ఏ మాత్రం అనిపించలేదు. అనిపించకపోవడానికి ఈసారి కారణం ఉంది.

"తప్పు నాది!" అని అరిచారాయన, పోట్లాడుతున్నట్టే. పక్కింటి కిటికీలో ఎవరో కదిలారు. ఆయన అది గమనించి కూడా గొంతు తగ్గించుకోలేదు. తర్వాత ఆయన కళ్ళు కోడలి మొహం మీద నిలిచాయి, గొంతు దానంతటదే దిగిపోయింది.

"నాదేనమ్మా. నీకు చెప్పకుండా నీ చేత తినిపించాను. తప్పు చేశాను."